పాత ట్రాక్టర్ల ఎగ్జాస్ట్ మానిఫోల్డు: శుద్ధి, వేడిని తట్టుకునే పూత, బిగింపు

వరి కళ్లంలో నూర్పిడి యంత్రాన్ని నడిపే ట్రాక్టరుకు, దాని పక్కన పోగుపడే ఎండుగడ్డికి మధ్య దూరం చాలాసార్లు కొన్ని అడుగులకు మించదు. ఆ ట్రాక్టరుపై బయటకు కనిపించే భాగాలన్నింటిలో అత్యధికంగా వేడెక్కేది ఎగ్జాస్ట్ మానిఫోల్డు. సిలిండర్లలో మండిన వాయువులను ఒకచోటికి చేర్చి సైలెన్సర్‌కు పంపే ఈ పోత ఇనుప భాగం చెడిపోయినా ఇంజను వెంటనే ఆగిపోదు, లాగుడు శక్తిలోనూ పెద్ద తేడా కనిపించదు. అందువల్ల దీని మరమ్మతు ఏటేటా వాయిదా పడుతుంటుంది. సీజనుకు ముందో, అమ్మకానికి ముందో ట్రాక్టరుకు రంగు వేయించేటప్పుడు మానిఫోల్డుకూ అదే రంగు పూయడంతో పని ముగిసిందని భావించడం పరిపాటి. ఆ రంగు తొలిరోజు పనిలోనే పొగలు కక్కి, బొబ్బలెక్కి, పొరలుగా రాలిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, దాని కింద ఉన్న పగులును కొంతకాలం కంటికి కనిపించకుండా చేస్తుంది.

హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగం మూసివేతకు 2016లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. తయారీ నిలిచిపోయిన ఇటువంటి ట్రాక్టర్లకు అసలైన విడిభాగాలు దొరకడం కాలక్రమేణా కష్టమవుతుంది. కాబట్టి ఉన్న మానిఫోల్డును సక్రమంగా పరీక్షించి, శుద్ధి చేసి, తగిన పూత వేసి, సరిగా బిగించే పద్ధతిని విస్తరణ సిబ్బంది, విద్యార్థులు తెలుసుకోవడం అవసరం.

వేడి, వ్యాకోచం, తుప్పు

టర్బోచార్జర్ లేని డీజిల్ ఇంజనులో పూర్తి లోడుపై వెలువడే వాయువుల ఉష్ణోగ్రత సాధారణంగా 500 నుండి 600 డిగ్రీల సెంటీగ్రేడ్ వరకు ఉంటుంది. లోడు లేకుండా నెమ్మదిగా తిరిగేటప్పుడు అది 200 డిగ్రీల లోపే ఉంటుంది. అంటే మానిఫోల్డు రోజుకు అనేకసార్లు వేడెక్కుతూ, చల్లారుతూ ఉంటుంది.

పోత ఇనుము ఒక డిగ్రీ వేడెక్కినప్పుడు తన పొడవులో పది లక్షల వంతులకు దాదాపు 11 వంతులు పెరుగుతుంది. ఈ లెక్కన 400 మి.మీ. పొడవు గల మానిఫోల్డు 400 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.75 మి.మీ. సాగుతుంది. అది బిగించి ఉన్న సిలిండర్ హెడ్ మాత్రం నీటితో చల్లబడుతూ ఉండడం వల్ల అంతగా సాగదు. ఫలితంగా మానిఫోల్డు ప్రతిసారీ హెడ్‌పై స్వల్పంగా జరుగుతుంది. స్టడ్ రంధ్రాలను స్టడ్ కంటే కొంచెం పెద్దవిగా ఉంచడానికి కారణం ఇదే. ఈ కదలిక చివరి రంధ్రాల వద్ద ఎక్కువగా ఉంటుంది. అందుకే చివరి స్టడ్లు తెగడం, చివరి గ్యాస్కెట్లు కాలడం తరచుగా కనిపిస్తుంది.

తుప్పుకు కారణం బయటి వాన ఒక్కటే కాదు. ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో ఏర్పడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపివేస్తే ఆ ఆవిరి సైలెన్సర్ లోపల నీరై నిలుస్తుంది. దమ్ము చేసేటప్పుడు చక్రాలు విసిరే బురదనీరు వేడి మానిఫోల్డుపై పడడం మరొక దెబ్బ. ఒక్కసారిగా చల్లబడిన పోత ఇనుము పగిలే ప్రమాదం ఉంది. సముద్రతీర మండలాల్లో ఉప్పుగాలి ఈ నష్టాన్ని మరింత వేగవంతం చేస్తుంది.

లోపాన్ని గుర్తించే విధం

చల్లని ఇంజనును ప్రారంభించిన వెంటనే హెడ్ పక్కన టిక్ టిక్ మనే శబ్దం వినిపించి, వేడెక్కిన తరువాత తగ్గితే వాయువు లీకవుతున్నట్లు అనుమానించాలి. వేడికి లోహం సాగి సందును తాత్కాలికంగా మూయడం వల్ల శబ్దం తగ్గుతుంది తప్ప లోపం పోదు. జాయింటు చుట్టూ నల్లని మసి చారలు ఉండడం మరో గుర్తు. లీకు నుండి వెలువడే వేడి వాయువు సమీపంలోని వైర్లను, డీజిల్ గొట్టాలను కాల్చగలదు. ఆ పొగ డ్రైవరు పీల్చే గాలిలో కలుస్తుంది. డీజిల్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో మానవులకు క్యాన్సర్ కలిగించే కారకాల జాబితాలో చేర్చిన విషయం ఇక్కడ గమనార్హం.

విప్పడం, శుభ్రపరచడం, పరీక్షించడం

పూర్తిగా చల్లారిన ఇంజనుపైనే పని మొదలుపెట్టాలి. తుప్పుపట్టిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచితే స్టడ్లు తెగకుండా కాపాడుకోవచ్చు. కదలని నట్టును బలవంతంగా తిప్పకుండా కొద్దిగా బిగించి, తిరిగి వదులు చేస్తూ విప్పాలి. మానిఫోల్డు తీసిన వెంటనే హెడ్ రంధ్రాలను శుభ్రమైన గుడ్డతో మూయాలి. ఒక్క తుప్పు పెచ్చు వాల్వు మీదుగా సిలిండర్‌లోకి చేరినా నష్టం తీవ్రంగా ఉంటుంది. పాత గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున వాటిని పొడిగా గోకకూడదు. నీటితో తడిపి, దుమ్ము లేవకుండా తొలగించాలి.

తరువాత మసి, తుప్పు, పాత రంగు పూర్తిగా పోయేలా వైర్ బ్రష్‌తో గాని, రాపిడి రేణువులను గాలితో ఊదే పద్ధతిలో గాని శుభ్రపరచాలి. ఊదడానికి నది ఇసుక వాడరాదు. దాని ధూళి ఊపిరితిత్తులలో నయంకాని సిలికోసిస్ వ్యాధిని కలిగిస్తుంది.

పగుళ్లను గుర్తించడానికి గ్రామాల్లోనే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. శుభ్రపరచిన భాగాన్ని కొంతసేపు కిరోసిన్‌లో ఉంచి, పైతలాన్ని పొడిగా తుడిచి, సుద్దపొడి పూయాలి. పగులులోకి చేరిన కిరోసిన్ బయటకు ఊరి సుద్దపై తడి గీతగా కనిపిస్తుంది. నిప్పుకు దూరంగా, గాలి ఆడేచోట మాత్రమే ఈ పరీక్ష చేయాలి. పగులు ఉన్న పోత ఇనుమును సాధారణ ఉక్కు కడ్డీతో వెల్డింగు చేస్తే ఆ అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. ముందుగా వేడిచేసి, నికెల్ కడ్డీతో అతికి, నెమ్మదిగా చల్లార్చగల నిపుణులు లేనిచోట భాగాన్ని మార్చడమే మేలు.

ఏ పూత తగినది?

సాధారణ ఎనామెల్ రంగులోని బంధక పదార్థం కర్బన సంబంధమైనది. సుమారు 150 నుండి 200 డిగ్రీల వద్ద అది మాడిపోతుంది. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పరిస్థితి కూడా అంతే. కింది ప్రైమర్ కాలితే పైన ఎంత మంచి రంగు వేసినా దానితోపాటే ఊడుతుంది.

సిలికోన్ ఆధారిత అల్యూమినియం రంగు దీనికి భిన్నం. వేడికి అందులోని కర్బన భాగం క్రమంగా పోయినా సిలికాన్, ఆక్సిజన్ బంధాలు నిలిచి, అల్యూమినియం రేకులను లోహానికి పట్టి ఉంచుతాయి. 600 డిగ్రీల వరకు తట్టుకునే రకాలు లభిస్తాయి. పాత ట్రాక్టర్లకు ఖర్చు రీత్యా, సౌలభ్యం రీత్యా ఇది అనువైనది. సిరామిక్ పూత, కరిగించిన అల్యూమినియాన్ని చిమ్మే పూత మరింత మన్నుతాయి గాని వాటికి ప్రత్యేక పరికరాలు గల కర్మాగారం కావాలి. జింకు 419 డిగ్రీల వద్ద కరుగుతుంది కాబట్టి జింకు పూత ఉన్న గొట్టాలు మానిఫోల్డు సమీపంలో పనికిరావు. వాటిని వెల్డింగు చేసేటప్పుడు వెలువడే పొగ జ్వరం, వణుకు కలిగిస్తుంది.

వేడి బయటకు రాకుండా మానిఫోల్డుకు నార పట్టీలు చుట్టడం కొందరు అనుసరించే పద్ధతి. ఇందువల్ల లోహపు ఉష్ణోగ్రత మరింత పెరుగుతుంది, పట్టీ కింద తేమ నిలిచి తుప్పు పెరుగుతుంది. డీజిల్ గాని ఇంజను నూనె గాని కారి పట్టీలో ఇంకితే అది దీపపు వత్తి వలె అంటుకోగలదు. వ్యవసాయ ట్రాక్టరుకు ఇది తగదు.

పూత వేయడం, కాల్చడం

శుభ్రపరచిన పోత ఇనుముపై కొన్ని గంటల్లోనే తిరిగి తుప్పు పొర ఏర్పడుతుంది కాబట్టి అదేరోజు పూత వేయాలి. థిన్నర్‌తో తుడిచిన తరువాత చేతితో తాకకూడదు. గ్యాస్కెట్ ఆనే తలాలను, స్టడ్ రంధ్రాలను కాగితపు టేపుతో కప్పాలి. ఒక్కో పొర 20 నుండి 25 మైక్రాన్ల మందానికి మించకుండా రెండు పలుచని పొరలు వేయాలి. మందంగా వేసిన పొర కింద చిక్కుకున్న ద్రావకం వేడికి ఆవిరై బొబ్బలు లేస్తాయి.

ఈ రంగు ఆరడం వేరు, గట్టిపడడం వేరు. గాలికి ఆరిన పొరను గోటితో గీకవచ్చు, డీజిల్ చుక్క పడినా కరుగుతుంది. సుమారు 200 డిగ్రీల వద్ద గంటసేపు వేడిచేసినప్పుడే అది పూర్తిగా గట్టిపడుతుంది. కచ్చితమైన ఉష్ణోగ్రత, వ్యవధి డబ్బాపై ఉన్న సూచనల ప్రకారం పాటించాలి. ఓవెన్ లేనిచోట బిగించిన తరువాత ఇంజనును 10 నుండి 15 నిమిషాలు లోడు లేకుండా నడిపి చల్లారనివ్వాలి. రెండవసారి అరగంట మధ్యస్థ వేగంతో, మూడవసారి తేలికపాటి లోడుతో నడపాలి. ఈ సమయంలో పొగ రావడం సహజం కాబట్టి ట్రాక్టరును షెడ్డు బయట నిలపాలి.

బిగింపు

మానిఫోల్డు తలంపై స్ట్రెయిట్ ఎడ్జ్ ఉంచి, ఫీలర్ గేజ్‌తో సందును కొలవాలి. తయారీదారు మాన్యువల్‌లోని పరిమితికి మించి వంపు ఉంటే యంత్రంపై చదును చేయించాలి. వంపును రెండు గ్యాస్కెట్లతో గాని, ఎక్కువ బలంతో గాని సరిచేయబోతే లాగుబడిన మానిఫోల్డు పగులుతుంది.

గ్యాస్కెట్ కొత్తదే వాడాలి. వేడికి పట్టేయని ఇత్తడి నట్లు శ్రేయస్కరం. సాధారణ స్ప్రింగ్ వాషరు ఈ వేడికి తన స్థితిస్థాపకతను కోల్పోతుంది కాబట్టి దానిపై ఆధారపడరాదు. మధ్య నట్ల నుండి మొదలుపెట్టి, అటూ ఇటూ చివరల వైపు సాగుతూ, రెండు మూడు దఫాలుగా ఆ నమూనాకు నిర్దేశించిన టార్క్ వరకు బిగించాలి. మరలకు వేడిని తట్టుకునే గ్రీజు పూస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు స్టడ్ ఎక్కువగా లాగబడుతుందని గుర్తుంచుకోవాలి. మొదటిసారి వేడెక్కి చల్లారిన తరువాత బిగింపును తిరిగి పరీక్షించాలి. సైలెన్సర్ బరువు పూర్తిగా మానిఫోల్డుపై పడకుండా దాని ఆధారపు పట్టీని బిగించడం మరువరాదు. నిలువు సైలెన్సర్‌పై రైతులు ఖాళీ డబ్బా బోర్లించే అలవాటు మంచిదే. ఇంజను ప్రారంభించే ముందు దాన్ని తీసివేయాలి.

అగ్ని భద్రత

వేడి తలంపై పేరుకున్న గడ్డి ధూళి 200 నుండి 300 డిగ్రీల మధ్యనే మంట లేకుండా రగులుకొనగలదు. పూర్తి లోడుపై నడిచే మానిఫోల్డు ఈ స్థాయిని సులభంగా దాటుతుంది. ఏ రంగూ ఈ ప్రమాదాన్ని తొలగించదు. తుప్పును ఆపడమే దాని పని. కాబట్టి నూర్పిడి రోజుల్లో ప్రతి పూటా ఇంజను చల్లారిన తరువాత మానిఫోల్డుపై, దాని కింద చేరిన గడ్డిని తొలగించాలి. ఒకటి రెండు సెంటీమీటర్ల ఖాళీతో రేకు కవచం అమరిస్తే గడ్డి నేరుగా వేడి ఇనుమును తాకదు. ఆ ఖాళీలో చేరిన ధూళిని కూడా శుభ్రం చేయాలి. సైలెన్సర్‌కు నిప్పురవ్వలను ఆపే అమరిక ఉంచాలి, కళ్లంలో నీరు, ఇసుక సిద్ధంగా ఉండాలి.

విస్తరణ కార్యక్రమాలలో ఈ పనుల వరుసను స్పష్టంగా చెప్పాలి. ముందు పరీక్ష, తరువాత మరమ్మతు, ఆపైన పూత, చివరకు బిగింపు. ఈ క్రమం తారుమారైతే రంగు లోపాన్ని కప్పిపుచ్చే ముసుగవుతుంది. నూర్పిడికి నెలరోజుల ముందే, తీరిక ఉన్న సమయంలో ఈ పనిని ప్రదర్శన రూపంలో చేసి చూపితే రైతులు, గ్రామీణ మెకానిక్కులు సులభంగా అనుసరించగలరు.