వార్తల్లో పదం: కంపల్సరీ లైసెన్స్

పేటెంట్ ఉన్న వస్తువును హక్కుదారు సమ్మతి లేకపోయినా తయారుచేసి అమ్ముకునేందుకు ప్రభుత్వం మరొకరికి ఇచ్చే అనుమతే కంపల్సరీ లైసెన్స్. దీనివల్ల పేటెంట్ రద్దు కాదు. హక్కుదారుకు రాయల్టీ చెల్లించాల్సిందే.

పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 84 ప్రకారం, పేటెంట్ మంజూరై మూడేళ్లు దాటాక ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రజల అవసరాలు తీరకపోవడం, ధర అందుబాటులో లేకపోవడం, ఆ ఆవిష్కరణ దేశంలో వినియోగంలోకి రాకపోవడం... ఈ మూడింటిలో ఏ ఒక్కటి రుజువైనా చాలు. అయితే ముందుగా హక్కుదారునే లైసెన్స్ అడిగి చూడాలి. జాతీయ అత్యవసర పరిస్థితిలో సెక్షన్ 92 కింద మూడేళ్ల గడువుతో పనిలేదు.

మన దేశంలో తొలి కంపల్సరీ లైసెన్స్ హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మాకు 2012 మార్చిలో దక్కింది. మూత్రపిండాలు, కాలేయ క్యాన్సర్లకు వాడే బేయర్ సంస్థ మందు నెక్సావర్ నెలకు సుమారు రూ.2.80 లక్షలు పలికేది. అదే మందును నాట్కో 120 మాత్రలకు రూ.8,800 మించకుండా అమ్మాలని, అమ్మకాలపై 6 శాతం రాయల్టీ కట్టాలని పేటెంట్ల కంట్రోలర్ ఆదేశించారు. అప్పీలులో రాయల్టీ 7 శాతానికి పెరిగింది. బేయర్ బాంబే హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లినా 2014లో రెండుచోట్లా చుక్కెదురైంది.

అడిగిన వారందరికీ ఈ లైసెన్స్ దొరకదు. మధుమేహ మందు శాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాద్‌కే చెందిన లీ ఫార్మా పెట్టుకున్న దరఖాస్తు 2016లో తిరస్కరణకు గురైంది. ప్రజావసరాలు తీరడం లేదని ఆ సంస్థ ఆధారాలతో చూపలేకపోయింది.