లష్కరు హోటళ్లు – పంక్తిభేదము

ఒక పట్టణపు నాగరకతను కొలుచుటకు దాని రాజవీథులను, మేడలను చూచినంతమాత్రమున చాలదు. ముక్కు మొగము తెలియని మనుష్యుడు ఆకలిగొని వచ్చినపు డచ్చట నెక్కడ కూర్చుండును, ఎవరి ప్రక్కను కూర్చుండును, ఏ పాత్రలో త్రాగును అను మూడు ప్రశ్నలు వేసి చూడవలెను. అన్నమును వెలకిచ్చుట మనకు క్రొత్త కాదు. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటియింటి వర్ణన కలదు. ఒక్క రూకకు కమ్మని భోజనము దొరకినట్లు అందు చెప్పబడినది. క్రొత్తది అన్నవిక్రయము కాదు, సహపంక్తి. వెల యిచ్చిన ప్రతివానికిని ఒకే బల్లయొద్ద ఒకే విధమగు గిన్నెలో నిచ్చుట యను ధర్మము మన దేశమున నింకను పసితనముననే యున్నది. ఏ శాస్త్రచర్చయు లేకయే ఆ ధర్మము జనుల కలవాటైన తావులలో సికిందరాబాదు ఒకటి.

ఈ పట్టణము దండు పుట్టించినది. 1798 నాటి సంధి ననుసరించి నిజాము రాజ్యమున ఆంగ్లసైన్యము నిలిచెను. హుస్సేనుసాగరమున కుత్తరముననున్న ఆ దండు బస్తీకి 1806 లో సికందర్ జా పేరు పెట్టబడెను. జనులు నేటికిని దానిని లష్కరనియే పిలుతురు. ఉజ్జయినీ మహాకాళి జాతరకు లష్కరు బోనాలనియే వాడుక. దండు వెంట మదరాసు ప్రాంతపు మొదలియార్లు వచ్చిరి. వర్తకమునకు మార్వాడీలు, గుజరాతీలు వచ్చిరి. పారశీకులు 1847 నాటికే ఇచ్చట అగ్నిదేవాలయమును కట్టుకొనిరి. 1874 లో రైలు రాగా దానితో ఆంగ్లో-ఇండియనులును, దేశవిభజన పిమ్మట సింధీలు, పంజాబీలును చేరిరి. వీరిలో నొకరి వంట యొకరికి పొసగదు. ఒకరి మడి యొకరికి తెలియదు. సంసారము గలవారు తమ యిండ్లలో తాము తినిరి. ఇల్లు విడిచి వచ్చిన గుమాస్తా, సిపాయి, కూలి, బాటసారి – వీరికి గతియేమి?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో ఇరానీలు ముఖ్యులు. యజ్దు మొదలగు ప్రాంతములనుండి బొంబాయి, పూనాల మీదుగ వీరిచ్చటికి చేరిరి. మనవారు మూలస్థలములు వ్యాపారమునకు అచ్చిరావని విడిచిపెట్టగా, వీరా మూలలనే చేజిక్కించుకొని నాలుగు దిక్కుల జనమును రాబట్టిరని చెప్పుదురు. చలువరాతి బల్లలు, కొయ్యకుర్చీలు, గల్లాపెట్టె వెనుక యజమాని – ఇదియే ఇరానీ హోటలు. తేయాకు కషాయమును మూతబిగించిన పాత్రలో సన్నని సెగపై మగ్గబెట్టుదురు. పాలను వేరుగ మరిగించి చిక్కబరచుదురు. రెండును కలియునది కప్పులోనే. ప్రక్కను కడపటి నిజాము పేరు మోయుచున్న ఉస్మానియా బిస్కత్తు, ఉల్లిపాయ సమోసా.

ఈ హోటలులో మాటిమాటికి వినబడునది ‘వన్ బై టూ’ అను కేక. ఒక చాయను రెండు కప్పులలో పోసి తెమ్మని దాని యర్థము. పెట్టుబడి చాలని యిద్దరు స్నేహితులు ఒకరి వెలకే యిద్దరు త్రాగుదురు. ఆ రెండు కప్పులును ఒకే అలమరనుండి వచ్చినవి. ఒకే తొట్టిలో కడుగబడునవి. నిన్న ఎవరు త్రాగిరని అడుగువాడు లేడు. యజమాని దయాళువగుటచే నిట్లు జరిగెనని చెప్పజాలము. అతడు పరదేశి, మన వర్ణవ్యవస్థకు వెలుపలివాడు. అతనికి కావలసినది గల్లాపెట్టె నిండుట. వర్తకుని లాభము ఒక్కొక్కయెడ సంస్కర్త యుపన్యాసము చేయలేని పనిని చేయును.

క్రమముగ తక్కిన రుచులును చేరినవి. 1953 లో ప్యారడైజు సినిమాశాల నానుకొని యొక చిన్న ఫలహారశాల వెలసెను. ఆ సినిమాశాల నేడు లేదు. బిర్యానీ మాత్రము మిగిలి, ఆ చౌరస్తాకే ప్యారడైజని పేరు నిలిచినది. ఉడిపివారి ఇడ్లీ, దోసెలకు బ్రాహ్మణేతరులును, పార్కులేనులోని నాంకింగు హోటలున చీనా వంటలకు శాకవ్రతము విడిచిన బ్రాహ్మణులును పోవుట ఇచ్చటివారికి వింతగా తోచదు.

ఇట్లని ఈ బల్లను స్వర్గమని పొగడబోము. ఇరానీ హోటళ్లలో చిరకాలము స్త్రీలకు చోటు చిక్కలేదు. ‘ఫ్యామిలీ’ గదుల తెర చాటుననే వారు కూర్చుండవలసి వచ్చెను. దేశమున తక్కిన తావులు అంతకన్న హీనము. ఆంగ్లప్రభుత్వకాలమున రైలుస్టేషనులలో హిందువులకు వేరుగ, మహమ్మదీయులకు వేరుగ నీళ్లు పోసెడివారు. మదరాసులో హోటలు పలకలపైని ‘బ్రాహ్మణ’ శబ్దమును తొలగింపుమని 1957 లో పెరియారు రామస్వామి నాయకరుగారు ఆందోళన సాగింపవలసివచ్చెను. స్వాతంత్ర్యభూమియని చాటుకొను అమెరికాలో 1960 ఫిబ్రవరి 1 వ తేదీన నలుగురు నల్లజాతి విద్యార్థులు గ్రీన్స్‌బరోలోని యొక దుకాణపు భోజనబల్లయొద్ద కూర్చుండి కదలమని పట్టుబట్టిరి. అట్టి పోరాటముల ఫలముగ 1964 నాటి చట్టము వచ్చెను. మన రాజ్యాంగనిర్మాతలు ఇంకను ముందే మేల్కొనిరి. 1950 లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 15 వ అధికరణము హోటళ్లను, భోజనశాలలను పేరుపెట్టి చెప్పి, కులమతములను బట్టి యెవరికిని ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది.

ఇంతవరకు పట్టణపు మాట. ఇక పాఠకులు తమ తమ యూళ్ల వంక చూడవలెను. పల్లెటూరి చాయహోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మనలో నెవరికి తెలియదు? అంచుమీద నొకవరుస గ్లాసులు మాలమాదిగలకు. లోపల వేరొకవరుస తక్కినవారికి. త్రాగినవాడు తన గ్లాసును తానే కడిగి పెట్టవలెను. 1955 నాటి చట్టము హోటలులోనికి రానీయకుండుటనే గాక, అచ్చటి పాత్రలను వాడుకొననీయకుండుటను సైతము నేరముగ నెంచినది. 1976 సవరణ పిమ్మట దానికి నెలకు తక్కువగాని కారాగారశిక్ష. అయినను, ఆంధ్రప్రదేశములోని అస్పృశ్యతను విచారించిన జస్టిస్ పున్నయ్య సంఘము ఈ దురాచారము ఇంకను చావలేదని 2001 నాటికిని చెప్పవలసివచ్చెను. తరువాత కాగితపు గ్లాసు, ప్లాస్టిక్ గ్లాసు వచ్చి కొన్ని యూళ్లలో రెండు వరుసలు కంటికి కానరాకుండ పోయినవి. త్రాగి పారవేయు గ్లాసు తగవును దాచినది గాని తీర్చలేదు. ఒకరికి గాజుగ్లాసును, మరియొకరికి ప్లాస్టిక్ గ్లాసును ఇచ్చుచోట తీర్పు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందలి వింత యేమనగా, ఆ యూరి భూస్వామియే కోర్టుపనికో, ఆసుపత్రికో, కుమారుని చదువునకో సికిందరాబాదు వచ్చి, స్టేషను దిగి, ఎదుటి హోటలులో చాయ త్రాగును. ప్రక్కకుర్చీలోనివాని కులమేదో అతడడుగడు. అడిగినను చెప్పువాడు లేడు. ఆ కప్పు వలన అతని మర్యాదకు లోపము రాలేదు. ఇల్లు చేరినపిదప ప్రాయశ్చిత్తమును చేసికొనలేదు. నూరుక్రోసుల యవతల మైలపడని ధర్మము సొంతయూరి పొలిమేరలో మైలపడునా? పడదు. అచ్చట కాపాడబడుచున్నది ధర్మము కాదు, పెత్తనము.

పట్టణమునకును నేడొక ప్రమాదము కలదు. మూలస్థలముల వెల పెరిగి, ఇరానీల బిడ్డలు ఇతరవృత్తులలో చేరి, పాతహోటళ్లు ఒక్కొక్కటియే మూతపడుచున్నవి. వాని తావున వచ్చు చల్లగదుల భోజనశాలలలో కులమునుగూర్చి యడుగరు. పట్టికలోని వెలలే ద్వారపాలకులై కూలిని వెలుపల నిలుపును. కొన్ని రూపాయల చాయతో గంటసేపు కూర్చుండనిచ్చు బల్ల పోయినచో, ధనికుడును పేదయు ఎదురెదురుగ కూర్చుండు తావు మరియొకటి దొరకుట కష్టము. కావున అట్టి హోటలు తమ వీథిలో నున్నవారు దానిని విడువక యాదరింపవలెను.

అంతకన్న ముఖ్యమైనది ఊరి పని. దానికి సభలు, తీర్మానములు వలదు. ఊరిలో మాట చెల్లుబడియైన పెద్దమనుష్యుడు ఒక ఉదయమున హోటలుకు పోయి, అంచుమీది గ్లాసులోనే తనకు చాయ పోయుమని పదిమంది యెదుట అడిగినచో చాలును. మరునాడు ఆ రెండు వరుసలకు అర్థముండదు. ఆకలి కులము నెఱుగదని లష్కరు హోటళ్లు నేర్పిన పాఠమును మన యూరి పెద్దలు నేర్చుకొనుట కింకెన్నితరములు పట్టవలెను?