కన్సీలర్ నేర్పే ఇంగ్లిష్

పదో తరగతి దాకా ఇంగ్లిష్ చదివిన అమ్మాయిని ప్రజాస్వామ్యం మీద పది వాక్యాలు రాయమంటే రాసేస్తుంది. అద్దడం, రుద్దడం, పులమడం ఇంగ్లిష్‌లో చెప్పమంటే మాత్రం మూడింటికీ ‘అప్లై’ అనే ఊరుకుంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో చేతివేళ్లకు పని తక్కువ మరి. ఆ లోటును మేకప్ వీడియోలు అనుకోకుండానే తీరుస్తున్నాయి.

కంటి కింది నలుపును కప్పే కన్సీలర్ ఎలా వేస్తారో ఓ అర నిమిషం చూడండి. ‘డాట్’ అంటూ మూడు చుక్కలు పెడతారు. ‘పాట్’ అంటూ ఉంగరపు వేలితో మెల్లగా తడతారు. ‘డోంట్ రబ్’ అంటూ వేలు అడ్డంగా ఊపుతారు. చుక్కల అంచులు చర్మంలో కలిసిపోయేదాకా తడి స్పాంజితో అద్దుతూ ‘బ్లెండ్ ఇట్ అవుట్’ అంటారు. మాట చెవిన పడుతున్నప్పుడే పని కంట పడుతుంది. ఇక నిఘంటువు తెరిచే పనేముంది?

కెనడా మనస్తత్వవేత్త అలన్ పైవియో 1971లో వివరించిన సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. మాటగానూ బొమ్మగానూ రెండు విధాల నమోదైన విషయం తేలిగ్గా గుర్తుకొస్తుందని ఆయన వాదన. 2004లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు మరో సంగతి గమనించారు. లిక్, పిక్, కిక్ వంటి క్రియలను ఊరికే చదువుతున్నా మెదడులో నాలుకను, వేళ్లను, పాదాన్ని కదిలించే భాగాల్లోనో, వాటి పక్కనో చురుకుదనం కనిపించింది. దీన్నిబట్టి వీడియో చూస్తే చాలు భాష వచ్చేస్తుందనుకుంటే పొరపాటే. చేతిపనికీ దాన్ని చెప్పే మాటకూ మెదడులో దగ్గరి చుట్టరికం ఉన్నట్టుందని, అంతవరకే.

మనవాళ్లను బాగా ఏడిపించేవి క్రియల వెనక తోకల్లా వేలాడే ఆన్, ఆఫ్, అప్, అవుట్‌లు. వ్యాకరణ పుస్తకంలో వీటిని బట్టీ పట్టాల్సిందే. అద్దం ముందు అలా కాదు. ‘బ్లెండ్ అవుట్’ అన్నప్పుడు బ్రష్ మధ్యనుంచి అంచులకు పోతుంది. ‘బిల్డ్ అప్’ అంటే రంగు పొర మీద పొర లేస్తుంది. ‘వైప్ ఆఫ్’ అనగానే దూదికి రంగంటుకుని చర్మం బయటపడుతుంది.

ఇంకో సౌలభ్యం పునరుక్తి. టీవీ కార్యక్రమాల్లోని మాటల్లో 95 శాతం తెలిసి ఉండాలంటే దాదాపు 3,000 పదకుటుంబాలు కావాలని స్టూవర్ట్ వెబ్, మైకేల్ రాడ్జర్స్ 2009లో లెక్కగట్టారు. బ్లెండ్, బ్లెండెడ్, బ్లెండింగ్ కలిపి ఒక కుటుంబం. అన్ని మాటలు లేనివారికి సీరియల్ కన్నా మేకప్ వీడియో నయం, ఎందుకంటే అందులో తిరిగేది ఒక చిన్న గుంపే. ఒకే విషయాన్ని పదేపదే వినడం మంచిదని భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ ఏనాడో చెప్పారు. కాబట్టి రోజుకో ఛానల్ మార్చకుండా కొన్నాళ్లు ఒకరినే వినండి. కింద తెలుగు కాకుండా ఇంగ్లిష్ అక్షరాలే పెట్టుకోండి. అయితే యంత్రం రాసే క్యాప్షన్లు అప్పుడప్పుడు తప్పు వింటాయి.

జాతీయాల దగ్గర కాస్త జాగ్రత్త. బఠాణీ గింజంత క్రీము చూపించి ‘ఎ లిటిల్ గోస్ ఎ లాంగ్ వే’ అంటారు. కొంచెమే చాలా దూరం వస్తుందని. ఇది కూరలో ఇంగువకైనా, ఆఫీసులో మంచి మాటకైనా చెల్లుతుంది. ఎప్పుడూ ముందుగా ఎంచుకునేదాన్ని చెప్పే ‘గో-టు’ కూడా అంతే. ‘హిట్ పాన్’ అలా కాదు. పౌడర్ అరిగి అడుగున రేకు కనిపించడాన్ని అలా అంటారు. ఆ లోకం దాటితే అది ఎవరికీ అర్థం కాదు. ముఖంపై పౌడర్‌ను మందంగా వేసి కాసేపు అలా ఉంచడాన్ని ‘బేకింగ్’ అంటే బయటివాళ్లు కేకు అనుకుంటారు. ఇక ప్రతి లిప్‌స్టిక్‌కూ ‘ఐయామ్ ఆబ్సెస్డ్’ అనడం ఆ వీడియోల అలవాటు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో కంపెనీ గురించి అలా అంటే ఎదుటివారు కనుబొమ్మలెగరేస్తారు.

ఎంత విన్నా నోరు కదపకపోతే మాట నాలుక మీదికి రాదు. సొంతంగా మాట్లాడబోయినప్పుడే మనకు రానిదేదో తెలుస్తుందని కెనడా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985 నుంచీ వాదిస్తూ వచ్చారు. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. చూసిన వీడియోనే శబ్దం ఆపేసి మళ్లీ పెట్టి, ఆ చేతులు చేసే పనికి మీరే ఇంగ్లిష్‌లో వ్యాఖ్యానం చెప్పండి. బ్రష్, బుగ్గ, క్రీము మాటలు తడుముకోకుండా వస్తాయి. ఆగిపోయేది ఆన్ అనాలా, ఇన్‌టు అనాలా అన్న చోటే. అక్కడ శబ్దం పెట్టి, ఆ ఒక్క వాక్యం వినండి.