అగడ్త నడుమ ఇల్లు

అగడ్త అనగానే మనకు కోటగోడలు, బురుజులు, నీళ్లలో మొసళ్లు జ్ఞాపకం వస్తాయి. కాని ఇంగ్లండు పల్లెసీమల్లో ఒకప్పుడు రాజులకే గాక, ఓ మోస్తరు భూస్వాములకు కూడా ఇంటిచుట్టూ అగడ్త ఉండేది. అటువంటి చోట్లు ఆ దేశంలో ఇంచుమించు 6,000 వరకు లెక్కకు వచ్చాయి. చాలా భాగం 1250కి, 1350కి నడుమ తవ్వినవే. సఫోక్, ఎసెక్స్ వంటి తూర్పు జిల్లాల్లో ఇవి మరీ ఎక్కువ. అక్కడ బంకమన్ను నేల ఎక్కువ. తవ్వితే నీరు ఇంకిపోక నిలుస్తుంది. తవ్విన మన్ను నడుమ పోసి, మెరక చేసి, దానిమీద ఇల్లు కట్టుకొనేవారు.

ఇంత శ్రమ దేనికంటారా? ఆ నీరు దొంగలకు కొంత అడ్డమే గాని, సైన్యం వస్తే ఆగేది కాదు. అందులో చేపలు పెంచుకొనేవారు. అన్నింటికీ మించి అది హోదాకు గుర్తు. దొరకోటకు అగడ్త ఉంటే మనకు మాత్రం ఎందుకుండరాదన్న పంతం!

నిజంగా ఆపద వచ్చిననాడు ఇంటిని కాచినవారు వేరు. ఎలిజబెత్ రాణి కాలంలో కాథలిక్ మతగురువు ఇంగ్లండులో ఉండటమే రాజద్రోహం. 1591 అక్టోబరులో ఒకనాటి తెల్లవారుజామున వారిని వెదుకుతూ అధికారులు ఒక ఇంటిమీద పడ్డారు. వార్విక్‌షైరులోని బాడెస్లీ క్లింటనే ఆ ఇల్లని చరిత్రకారుల అభిప్రాయం. ఇంటివారు వెంటనే తలుపు తీయక జాగు చేశారు. ఆలోగా గురువులు నేలకింది పాత మురుగుకాలువలో దూరి, నీళ్లలో నాలుగు గంటలు నిలబడి బ్రతికి బయటపడ్డారు. అగడ్త ఆపలేనివారిని ఇంటివారి ధైర్యం ఆపింది.

నార్‌ఫోక్‌లోని ఆక్స్‌బరో హాలు కథ మరొకటి. బెడింగ్‌ఫెల్డ్ వంశీయులు 1482లో అనుమతి పొంది కట్టుకొన్న ఇల్లది. 1950 దశకం మొదట్లో అది అమ్ముడుపోయి, కూల్చివేతకు సిద్ధమైంది. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ సిబిల్, ఆమె కూతురు, మరొక బంధువు తమ సొంత ఇండ్లు అమ్ముకొని దానిని తిరిగి కొన్నారు. 1952లో నేషనల్ ట్రస్టుకు అప్పగించారు.

ఆ దేశపు పొలాల్లో నేడు చాలాచోట్ల ఇల్లు లేదు. నలుచదరపు నీటిగుంట మాత్రం మిగిలింది. ఆక్స్‌బరోలో ఇల్లూ ఉంది, నీరూ ఉంది. ఇంటిని నిలిపేది చుట్టూ ఉన్న నీరు కాదు, లోపలి మనుషులని మాకు తోస్తున్నది.