ఇంటిల్లిపాదికీ గోధుమ పాస్తా

ఆత్రేయపురం అనగానే పూతరేకులు గుర్తుకొస్తాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. వేడి కుండ మీద పలుచని రేకు తీసే చేతులకు పాస్తా చేయడం పెద్ద పనేమీ కాదు.

"పిల్లాడు ప్యాకెట్ నూడుల్స్ తప్ప ముట్టడం లేదండీ" అని తల్లులు మాతో తరచూ అంటుంటారు. అవి ఎక్కువగా మైదాతో చేసినవే. మసాలా పొట్లంలో ఉప్పు అధికం. పెద్దవారికే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే ఇంటి పాస్తా నేర్చుకుందాం.

కావలసినవి (నలుగురికి): గోధుమపిండి 2 కప్పులు, గుడ్లు 2, టమాటాలు 4, ఉల్లిపాయ 1, క్యారెట్ 1, వెల్లుల్లి 4 రెబ్బలు, గుప్పెడు మునగాకు, నూనె 2 చెంచాలు, మిరియాల పొడి, కొద్దిగా ఉప్పు.

చేసే విధానం: పిండిలో గుడ్లు కొట్టి, తగినన్ని నీళ్లతో గట్టిగా కలపండి. 10 నిమిషాలు మర్దించి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. చపాతీకన్నా పలుచగా వత్తి, పొడిపిండి చల్లి, మడిచి సన్నగా కోయండి. మరిగే నీళ్లలో 3, 4 నిమిషాలు ఉడికించి వార్చండి. నూనెలో వెల్లుల్లి, ఉల్లి, కూరగాయలు, మునగాకు మగ్గించి, ఉప్పు, మిరియాల పొడి వేసి పాస్తా కలపండి. మునగాకులోని ఇనుము ఒంటబట్టడానికి టమాటాలోని సి విటమిన్ సాయపడుతుంది.

షుగర్ ఉన్నవారు దీన్ని అన్నానికి బదులుగా, కొలతగా తినాలి, అన్నంతోపాటు కాదు. గోధుమ, గుడ్డు పడనివారు తినకూడదు.

కోసిన పాస్తాను విడదీసే పని పిల్లలకు అప్పగించండి. తాము చేసింది వారు ఇష్టంగా తింటారు.