దవడ యెముకను పొడిగించు చికిత్స



కొందరు శిశువులకు పుట్టుకతోనే క్రింది దవడ మిక్కిలి చిన్నదిగా నుండును. అందుచే నాలుక గొంతువైపునకు జారి యూపిరి నడ్డగించును; పాలు త్రాగుటయు కష్టమగును. ఈ స్థితిని ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియరు రొబాన్ 1923లో వర్ణించెను. పలువురు శిశువులు వైద్యుల కనిపెట్టులో బోరగిల పరుండబెట్టుట వంటి యుపాయములతోనే తేరుకొందురు. అట్లు తేరనివారికి గొంతున రంధ్రముచేసి గొట్టము నమర్చుటకు మారుగా, దవడనే పొడిగించు శస్త్రచికిత్స యొకటి నేడు కలదు. ఇట్టి సమయమున తలిదండ్రులు మీ సలహా కోరుదురు గనుక, దీని మేలు కీడులు రెండును విన్నవింపదలచితిని.

విరిగిన యెముక తనంతట నతుకుకొనునని మీరెరుగుదురు. ఆ యతుకు గట్టిపడక మునుపే రెండు కొనలను మెల్లగా నెడము చేసినచో, నడుమ క్రొత్త యెముక పుట్టును. సైబీరియాలోని కుర్గాను పట్టణమున ఇలిజారొవ్ అను వైద్యుడు 1950 తరువాత కాలిచేతుల యెముకల నీ రీతిని పొడిగించెను. న్యూయార్కులో మెకార్తీ, ఆయన సహచరులు పిల్లల దవడకు దీనినే వర్తింపజేసి 1992లో ఫలితములు ప్రకటించిరి.

వైద్యులు దవడ యెముకను కోసి, మరతో గూడిన సాధనము నమర్తురు. కొలది దినము లాగి, పిదప మరను త్రిప్పుచు దినమునకు సుమారు 1 మిల్లీమీటరు, అనగా బియ్యపుగింజ వెడల్పులో సగము, ఎడము చేయుదురు. పసికందులకు కొంత వేగము పెంచుటయు కలదు. తగిన పొడవు వచ్చిన పిమ్మట, క్రొత్త యెముక గట్టిపడువరకు కొన్ని వారములు సాధనము నట్లే యుంతురు. మితిమీరి త్వరపడిన యెముక సరిగా నతుకదు. జాగుచేసిన ముందే యతుకుకొని పొడుగు సాగదు. కావున వైద్యుడు చెప్పిన కొలతను ఇంటివారు తమంతట మార్పరాదు.

ఇక కీడులు. సాధనపు కడ్డీలు చర్మము వెలికివచ్చు చోట చీము పట్టవచ్చును, మచ్చ మిగులవచ్చును. నరము దెబ్బతిన్నచో క్రింది పెదవికి స్పర్శ తగ్గును, లేదా నవ్వునపుడు నోరొక ప్రక్కకు వంకరపోవును. ఇది పలువురిలో తాత్కాలికమే, కొందరిలో నిలిచిపోవును. చిగుళ్ల లోపలి పంటి మొలకలు చెడవచ్చును. ముందుపండ్లు కలియకపోవుట, దవడకీలు బిగియుట, సాధనము సడలుట కూడ కలవు.

ఫలితము మాటేమి? చిన్న దవడయే యూపిరికి అడ్డమైనచో, పెక్కుమంది శిశువులు గొట్టము లేకయే యూపిరి పీల్చి, క్రమముగా నోటితో పాలు త్రాగుదురు. అడ్డంకి గొంతు దిగువనున్నను, నరముల వ్యాధి యున్నను అంత మేలు కలుగదు. ముఖము ఒక ప్రక్క ఎదుగని పిల్లలలో, పొడిగించిన దవడ రెండవ ప్రక్కతో సమముగా పెరుగక, పెద్దయిన పిదప మరల శస్త్రచికిత్స కావలసి రావచ్చును.

కావున మీరు తలిదండ్రులచే వైద్యుని మూడు సంగతు లడిగింపుడు: అడ్డంకి దవడవద్దనే యున్నదా? శస్త్రచికిత్స లేక తేరు మార్గము కలదా? పిదప ఎన్ని యేండ్లు చూపించుకొనవలెను? జ్వరము, చీము, వాపు కనిపించిన వెంటనే ఆసుపత్రికి పంపుడు. బిడ్డ యూపిరికై పెనగులాడుచున్నచో ఒక్క గడియయైన జాగు చేయనీయకుడని నా మనవి.