మేకు లేని గుమ్మం: మీ పిల్లల చేతులకు ఒక పాఠం



ఫిల్మ్ నగర్ పరిసరాల్లో ఉండే మనకు సినిమా సెట్టింగులు కొత్త కాదు. రామానాయుడు స్టూడియోస్, అన్నపూర్ణ స్టూడియోస్ లాంటి చోట్ల ప్లైవుడ్, మేకులు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో రాజమహల్ లేస్తుంది. షూటింగ్ అయ్యాక దాన్ని విప్పేస్తారు. త్వరగా కట్టడం, త్వరగా విప్పడం కూడా గొప్ప నేర్పే. అయితే వడ్రంగానికి ఇంకో ముఖం ఉంది.

ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు పాత ఇంటి ద్వారబంధం మూలను పిల్లలకు చూపించండి. చాలా గుమ్మాలకు అక్కడ ఇనుప మేకు కనిపించదు. ఒక చెక్కకు బెజ్జం తొలుస్తారు. రెండో చెక్క చివరను నాలుకలా చెక్కుతారు. దాన్నే కుసి అంటారు. కుసిని బెజ్జంలోకి బిగించి, అడ్డంగా ఒక కొయ్య చీల దిగ్గొడతారు. మేకు పట్టు సన్నని చోటుకే పరిమితం. కుసి మాత్రం బెజ్జం గోడలకు అన్ని వైపులా ఆనుకుని బరువు మోస్తుంది.

ఇందులో చదువు ఎక్కడుంది?

లెక్కల్లో ఉంది. కుసి మందం సాధారణంగా చెక్క మందంలో మూడో వంతు. మూడు అంగుళాల చెక్కకు ఒక అంగుళం కుసి. మూలమట్టం పెట్టి గీత గీయగానే 90 డిగ్రీలు అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది.

సైన్సులోనూ ఉంది. వానాకాలంలో తలుపులు ఎందుకు బిగుసుకుంటాయి? తేమ పీల్చిన చెక్క పొడవులో దాదాపు మారదు, వెడల్పులో ఉబ్బుతుంది. చెక్క నార ఏ దిక్కున ఉందో చూసుకున్నాకే వడ్రంగి ఉలి పెడతాడు.

అన్నిటికన్నా ఓర్పులో ఉంది. రంపం గీత మీద కాదు, గీతకు అవతల, తీసిపారేసే వైపు నడవాలి. కుసి లావుగా ఉంటే ఇంకాస్త చెక్కవచ్చు. సన్నబడితే మళ్లీ అతకలేం. కోశాక గీత గురించి ఆలోచించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ తేడా చెప్పడానికి టీచరు అక్కర్లేదు, చెక్కే చెబుతుంది.

ఇది కొత్త ఆలోచనేం కాదు. ఫిన్లాండ్ 1866లోనే బడుల్లో చేతిపనిని పాఠంగా చేర్చింది. 1937లో వార్ధాలో గాంధీజీ చేతివృత్తి ద్వారా చదువు అన్నారు. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు బ్యాగు లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల వంటి స్థానిక నిపుణుల దగ్గర నేర్చుకోవాలని సూచించింది.

ఇంట్లో మీరు చేయగలిగింది

• మెత్తటి చెక్క ముక్క, చిన్న రంపం, ఉలి, కొయ్య సుత్తి, మూలమట్టం చాలు. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

• చెక్కను బల్లకు క్లాంపుతో బిగించాలి. రెండు చేతులూ ఉలి అంచుకు వెనకే ఉండాలి. మొండి ఉలికి ఎక్కువ బలం కావాలి, జారే ప్రమాదమూ ఎక్కువ. అందుకే పదును ముఖ్యం.

• ముందు బెజ్జం, తర్వాత దానికి సరిపడా కుసి.

• మొదటి అతుకు వంకరగానే వస్తుంది. దాన్ని మీరు సరిచేయకండి. ప్రాజెక్టు కోసం షాపులో కొన్నది పంపకండి. వంకర అతుకు మీద తేదీ రాసి దాచండి. ఐదోది పూర్తయ్యాక రెండూ పక్కపక్కన పెడితే, ఏ ప్రోగ్రెస్ కార్డూ చూపలేనిది మీకు కనిపిస్తుంది.

చివరగా ఒక మనవి. "చదువుకోకపోతే వడ్రంగి పనికి పోతావ్" అనే మాట చాలా ఇళ్లలో అలవాటుగా వస్తుంది. మీ పాప, బాబు ఒక్క అతుకు సరిగ్గా కోయడానికి ప్రయత్నించాక ఆ మాట అబద్ధమని వాళ్లకే తెలిసిపోతుంది. మనం కూడా దాన్ని మానేద్దాం. ఇంటికి మరమ్మతుకు వచ్చే వడ్రంగిని ఈ నెల పిల్లల చేత ఒక ప్రశ్న అడిగించండి: "అన్నా, ఈ అతుకు ఎలా వేశావు?"